శ్రీ సముద్రుల వారి దర్శన వేళలు

మా మేనత్త అచ్చియ్యమ్మ నోరు తెరిచి ఒక కోరిక కోరడం నేను పుట్టాక ఎప్పుడూ వినలేదు. పండక్కి ఏ రంగు చీర తెమ్మంటావత్తా అంటే, "ఏదో ఒకటి, కట్టుకోడానికుంటే సాల్దేటి" అనే రకం. అలాంటి మనిషి పొద్దున్నే ఫోన్ చేసి, "ఒరే జోగీ, నన్నోపాలి గవ్వలరేవు తీసికెల్తావేట్రా?" అని అడిగేసరికి చేతిలో కాఫీ పక్కన పెట్టేశాను.

"ఇప్పుడా? వచ్చేవారం నీకు ఆపరేషన్ కదత్తా?"

"అందుకేరా. ఆ డాట్రు నా మోకాలు తీసీసి ఇనప మోకాలెడతాడట. ఆ ఇనుముతో సంద్రంల దిగితే దిగినట్టేటి? నా కాలు నాదిగా ఉన్నప్పుడే ఓపాలి కెరటాల్ల నిలబడాల. మరింకేటీ వద్దు."

అత్త పుట్టింది గవ్వలరేవులోనే. పెళ్ళయి మెట్ట ఊరికి వెళ్ళిపోయింది. వెళ్దాం వెళ్దాం అనుకుంటూనే సంసారం ఈది, పిల్లల పెళ్ళిళ్ళు చేసి, మోకాళ్ళు అరగదీసుకుంది. ఒక ముసలావిడ కాళ్ళు తడుపుకుంటానంటే అదెంత పని! గుడులకైతే తలుపులుంటాయి, ఆఫీసులకైతే లంచ్ టైములుంటాయి, సముద్రం ఎప్పుడెళ్ళినా ఇంట్లోనే ఉంటుంది కదా అనుకున్నాను. నేను పేపరు సరిగ్గా చదవనని మా ఆవిడ ఎప్పుడూ అంటూనే ఉంటుంది.

గవ్వలరేవు తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. ఒకప్పుడు అక్కడ డచ్చివాళ్ళ ఓడలు ఆగేవి. తరవాత తెల్లదొరలు ఎండాకాలం చల్లగాలికి వచ్చి బంగళాలు కట్టుకున్నారు. దొరలు పోయాక జమీందార్లు, జమీందార్లు పోయాక సినిమా షూటింగులవాళ్ళు, వాళ్ళూ పోయాక మేకలు ఆ బంగళాల్లో విడిది చేశాయి. ఊరికి పేరు తెచ్చింది మాత్రం చలమయ్య కవిగారు. ఆయన ఉప్పు కొఠారులో గుమాస్తా. పగలంతా ఉప్పు తూచి, సాయంత్రం ఒడ్డునున్న నల్లరాతి మీద కూర్చుని సముద్రం మీద పాటలు కట్టేవాడు. వాటిలో ఒకటి ఆ చుట్టుపక్కల చంటిపిల్లలక్కూడా నోటికొచ్చు.

"తలుపు లేని యిల్లు నీది, సముద్రుడా! వేళ చూసి రమ్మనవు, వేషం చూసి పొమ్మనవు."

మా అత్త చిన్నతనంలో ఆ నల్లరాతి మీద గుడ్డలు ఆరేసేవారట. కవిగారు రాగానే గుడ్డలు తీసేసేవారట. తడి రాతి మీద కూర్చోడం వల్ల ఆయనకి కవిత్వంతో పాటు పడిశం కూడా వచ్చేదని అత్త చెప్పేది.

ఇలా ఉండగా ప్రభుత్వానికి సాహిత్యం మీద హఠాత్తుగా ప్రేమ పుట్టింది. గవ్వలరేవును సాహితీ క్షేత్రంగా ప్రకటించి, 'సాహితీ సముద్రతీర ప్రాధికార సంస్థ' అని ఒకటి పెట్టారు. దానికి జనాన్ని అదుపు చేయడంలో అనుభవమున్న అధికారి కావాలన్నారు. వెతగ్గా వెతగ్గా పేరి పాండురంగశాయి గారు దొరికారు. ఆయన ఉద్యోగంలో చేరింది మొదలు దేవాదాయ శాఖలోనే ఉన్నారు. ఏ గుడికి వేసినా అక్కడ క్యూలైన్లు పెంచి, తలుపులు పెంచి, హుండీలు పెంచి వచ్చిన సమర్థుడు. జనం ఒకచోటికి వస్తున్నారంటే అది గుడేనని ఆయన నమ్మకం. గవ్వలరేవుకి బదిలీ అయిన రోజున సముద్రం ముందు నిలబడి, చేతులు జోడించి, "మూలవిరాట్టు చాలా పెద్దది. కానీ ప్రాకారమేదీ?" అన్నారట.

మేం వెళ్ళేసరికి ప్రాకారం వచ్చేసింది. ఊరి మొదట్లోంచి చివరిదాకా రేకుల గోడ. దాని మీద అక్కడక్కడా 'సముద్రము ఇటు' అని బాణం గుర్తులు. గోడ అవతల్నించి హోరు మాత్రం వినిపిస్తోంది.

"ఏట్రా జోగీ, సంద్రానికి గోడ కట్టీసినారేటి?" అంది అత్త, కారు దిగుతూనే.

"గాలికి ఇసక కొట్టుకొస్తుందని కాబోలత్తా" అన్నాను. తెలియని విషయాలకి వెంటనే కారణం చెప్పడం మా వంశంలోనే ఉంది.

చెప్పులు స్టాండులో ఇచ్చేశాం. స్టాండు కారు పార్కింగు దగ్గరుంది, సముద్రం చాలా దూరంలో ఉంది. మధ్యలో ఉన్నది మాడిపోతున్న ఇసక. అత్త మోకాలి నొప్పి మర్చిపోయి నాకంటే ముందు పరిగెత్తింది. దారిలో ఒక ఇనప చట్రం, దాని పక్కన ఒక బోర్డు: 'ఇనుము, ఉక్కు, తదితర లోహ సామగ్రి లోనికి అనుమతించబడదు. సదరు వస్తువులను కౌంటరునందు అప్పగించి టోకెను పొందవలెను.' నా తాళాలు, ఫోను, అత్త తమలపాకుల డబ్బా ఇచ్చి టోకెన్లు తీసుకున్నాం.

ఆ తరవాత పాలరాతి తోరణం వచ్చింది. దాని మీద బంగారు రంగు అక్షరాలతో చలమయ్య గారి పాట చెక్కించారు. 'తలుపు లేని యిల్లు నీది, సముద్రుడా!' కిందనే రెండు ఇనప తలుపులు, వాటికి కొబ్బరికాయంత తాళం. తాళం ముందు కాషాయం కండువా వేసుకున్న గార్డు ఎర్రినాయుడు నిలబడి ఉన్నాడు. ఎర్రినాయుడు మంచివాడే. పొద్దుణ్ణించి రాత్రి దాకా ఒకే మాట అని అని అతని మొహం కూడా ఆ మాటలాగే అయిపోయింది.

"జరగండి, జరగండి. సర్వదర్శనమా, శీఘ్రదర్శనమా?"

"నాయినా, దర్శనం కాదు. నాను కాళ్ళు తడుపుకోవాల" అంది అత్త.

"కాళ్ళు తడుపుకోడం ఈడ నేదు మామ్మా. కాళ్ళు కడుక్కోడం ఉంది. కాళ్ళు కడుక్కున్నోళ్ళనే సంద్రం చూడనిస్తారు. అదిగో కుళాయిలు."

కుళాయిలు బారుగా ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ చుక్క నీరు లేదు. ట్యాంకరు రావాలట. "పక్కన అంత సముద్రం పెట్టుకుని నీళ్ళు లేకపోవడమేమిటయ్యా?" అని అడిగాను.

ఎర్రినాయుడు నాలిక కరుచుకున్నాడు. "తప్పు బాబూ. సముద్రుల వారి నీళ్ళతో కాళ్ళు కడుగుతారేటండి ఎవులైనా?"

ట్యాంకరు వచ్చింది, కాళ్ళు కడిగాం, ఇసకలో నాలుగడుగులు వేసేసరికి మళ్ళీ ఎండిపోయాయి. అక్కణ్ణించి మమ్మల్ని ఒక కంపార్ట్‌మెంటులోకి పంపి తాళం వేశారు. సరిగ్గా ఒడ్డున ఇసకలోనే కట్టిన రేకుల షెడ్డు అది. లోపల ఇనప బెంచీలు, పైన మైకు. బెంచీలు ఇనుమువి కదా, వాటినెలా రానిచ్చారని నేనడగలేదు. మాలాగే వచ్చినవాళ్ళు లోపల కిక్కిరిసి ఉన్నారు. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి హనీమూనుకొచ్చి, ఆడవాళ్ళ బెంచీ మీద ఆ అమ్మాయి, మగవాళ్ళ బెంచీ మీద ఆ అబ్బాయి కూర్చుని ఒకరినొకరు దీనంగా చూసుకుంటున్నారు.

మైకులోంచి ఆడగొంతు ఒకటి గంభీరంగా చెప్పింది. "సాహితీప్రియులకు విజ్ఞప్తి. శ్రీ సముద్రుల వారికి మధ్యాహ్న విరామం ప్రారంభమైనది. తెర వేయబడినది. దయచేసి నిశ్శబ్దం పాటించవలెను."

గోడ అవతల కెరటాలు దభీ దభీమని విరుచుకు పడుతున్నాయి.

"నిద్దరోతే ఆ గురకేట్రా?" అంది అత్త.

"ష్!" అన్నాడు ఎర్రినాయుడు.

మైకులో గొంతు మళ్ళీ అందుకుంది. "నేటి సాయంత్రం శ్రీ సముద్రుల వారికిని, చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి పెద్దగెడ్డకును నిత్యకల్యాణం జరుగును. దంపతులు పాల్గొని తరించవలెను." పెద్దగెడ్డ అంటే ఊళ్ళోని మురుగంతా మోసుకొచ్చే కాలవ. నదులన్నీ సముద్రుడి భార్యలన్నారు కనుక దగ్గర్లో దొరికిన దానితో పెళ్ళి జరిపిస్తున్నారు. ఆవిడ ఊరు పుట్టినప్పట్నించీ ఆయనతోనే కాపురం చేస్తోంది కదా, రోజూ కొత్తగా పెళ్ళెందుకని ఎవరూ అడగలేదు. గాలి అటునించి వీచినప్పుడల్లా మేమందరం పెళ్ళికూతురు దగ్గర్లోనే ఉందని తెలుసుకుంటున్నాం.

కిచిడీ పెట్టారు. తిన్నాం. పొట్లాల్లో ఉప్పు ప్రసాదం ఇచ్చారు, కవిగారి కొఠారుకి గుర్తుగా. కళ్ళకద్దుకుని జేబులో వేసుకున్నాం. చివరికి గంట మోగింది. తలుపులు తీశారు. జనం ఒక్కసారి లేచారు. నన్నూ అత్తనీ ఎవరూ నడిపించలేదు, మా వెనకున్నవాళ్ళే మోసుకెళ్ళారు. ఒక చెక్కల వంతెన, దాని చివర ఒక కటకటాల కిటికీ, కిటికీకి పట్టు తెర. మా వంతు వచ్చేసరికి తెర లేచింది. హారతి పళ్ళెం తిరిగింది. దూరంగా నీలంగా, తెల్లగా, ఇంత మేర...

"జరగండి, జరగండి!"

బయట పడ్డాం. అత్త మొహం చూద్దును కదా, ఏడుపొక్కటే తక్కువ.

"చూశావా అత్తా?"

"నేదురా."

"అదేమిటి? తెర తీశారుగా?"

"తెర తియ్యగానే దండం ఎట్టి కళ్ళు మూసీసుకున్నానురా. అలవాటు. తెరిసేసరికి ఎవుడో రెక్కట్టుకుని లాగీసినాడు."

నాకు నవ్వూ కోపమూ రెండూ వచ్చాయి. మా ఇంటావంటా అందరం అంతే. ఎంత దూరమైనా పోయి, ఎంతసేపైనా నిలబడి, తీరా తెర తీసే క్షణానికి భక్తిగా కళ్ళు మూసుకుంటాం. కానీ ఆవిడ చెంగుతో ముక్కు తుడుచుకోవడం చూస్తే నవ్వు పోయి కోపమే మిగిలింది. చిన్నప్పుడు జ్వరమొస్తే నన్ను భుజాన వేసుకుని రాత్రంతా తిరిగిన మనిషి. ఆ తిరిగిన కాళ్ళే ఇవి. వచ్చేవారం వీటిలో ఒకటి ఆవిడది కాకుండా పోతుంది. తిన్నగా కార్యనిర్వహణాధికారి ఆఫీసుకి నడిపించుకెళ్ళాను.

పాండురంగశాయి గారు పాత దొరల బంగళాలో కూర్చుని ఉన్నారు. నుదుట విభూతి, మెళ్ళో గుర్తింపు కార్డు. నా ఫిర్యాదు ఎంతో ఓపికగా విన్నారు.

"మీ ఆవేదన పరిగణనలోకి తీసుకోబడింది. కానీ అమ్మగారు కోరేది పాదస్పర్శ. మూలవిరాట్టును భక్తులు పాదములతో తాకుట ఏ ఆగమంలోనూ లేదు. చేతితో తాకదలచినచో గర్భాలయ ప్రవేశం ఉంది. దానికి తడిబట్టలతో రావలెను."

"సముద్రంలో తడవడానికి వచ్చినవాళ్ళు ముందే ఎలా తడుస్తారండీ?"

"అది అభ్యర్థి స్వయంగా చూసుకోవలసిన విషయం."

"మరి చేపల వేటకెళ్ళేవాళ్ళో?"

"వారిని అంతరంగ సేవకులుగా గుర్తించాం. పట్టుపంచెలు కట్టుకుని వల వేస్తున్నారు. వారు తెచ్చేది ప్రసాదం అనవచ్చునా, అనరాదా అన్నది మాత్రం ప్రభుత్వ పరిశీలనలో ఉంది." ఆయన కొంచెం ముందుకు వంగారు. "అన్నీ పద్ధతి ప్రకారం జరుగుతున్నాయి. ఆమధ్య గ్రహణం పట్టినప్పుడు తలుపులు మూశాం. విడిచాక సంప్రోక్షణ చేయాలి కదా! మినరల్ వాటర్ తెప్పించి సముద్రం మొత్తం శుద్ధి చేయించాం."

"మొత్తమా?"

"బడ్జెట్ మేరకు. మిగతా భాగం పక్క జిల్లాల పరిధిలోకి వస్తుంది."

నేను గోడకి వేలాడుతున్న చలమయ్య గారి పటం వైపు చూశాను. పటానికి పూలదండ వేసి, బొట్టు పెట్టారు. "తలుపు లేని ఇల్లని ఆయన రాస్తే మీరు తలుపులు పెట్టారేమిటండీ?"

"కవిగారు లోటును ఎత్తి చూపారు. సంస్థ దాన్ని సరిదిద్దింది" అన్నారు ఆయన, వినయంగా. తరవాత కొంచెం విచారంగా, "ఇబ్బంది పెడుతున్నది ఒక్కరే. సాక్షాత్తు సముద్రుల వారే వేళలు పాటించడం లేదు. పోటు రోజూ ఆలస్యంగా వస్తోంది. పౌర్ణమికీ అమావాస్యకీ హద్దు మీరుతోంది. మెమో ఇచ్చాం."

"జవాబొచ్చిందా?"

"గడువు ఇంకా ఉంది."

అప్పుడు అత్త అందుకుంది. "బాబూ, నాను దాన్ని కాళ్ళతో తాకనులెండి. అదే వచ్చి నా కాళ్ళు తాకితేనో?"

పాండురంగశాయి గారు ఆలోచనలో పడ్డారు. నియమావళి పుస్తకం ఒకసారి తిరగేశారు. "మూలవిరాట్టు స్వయంగా భక్తుల వద్దకు వచ్చే పక్షంలో... దానికి నిబంధన లేదు. నిషేధమూ లేదు. కానీ అలాంటిది జరగదమ్మా. నా సర్వీసులో ఏ దేవుడూ లేచి రాలేదు."

చివరికి ఆయన చేసిన సాయం ఏమిటంటే, మళ్ళీ సర్వదర్శనం వరసలో నిలబడడానికి అనుమతి ఇచ్చారు. ఈసారి కళ్ళు మూసుకోవద్దని అత్తకి ప్రత్యేకంగా సూచించారు.

మళ్ళీ కాళ్ళు కడుక్కున్నాం. మళ్ళీ అదే కంపార్ట్‌మెంటు, అదే బెంచీ. కొత్తజంట కూడా తిరిగి వచ్చింది. వాళ్ళకి ఇందాక హారతి పళ్ళెం అడ్డొచ్చి సముద్రం కనపడలేదట. సాయంత్రమవుతుండగా మైకు గొంతు సవరించుకుంది. "నేడు పౌర్ణమి సందర్భంగా శ్రీ సముద్రుల వారు నాలుగు మాడవీధులలో ఊరేగుదురు. ఊరేగింపు ముగియువరకు దర్శనములు నిలిపివేయబడినవి."

రేకుల సందుల్లోంచి చూశాం. ఒక ఇత్తడి బిందెడు సముద్రపు నీళ్ళు పల్లకీలో పెట్టి, గొడుగు పట్టి, సన్నాయి మేళంతో తీసుకెళ్తున్నారు. ముందు పాండురంగశాయి గారు చామరం వీస్తూ వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. వెనక ఆస్థాన కవి ఒకాయన పారవశ్యంతో తల ఊపుతున్నారు. ఆ పారవశ్యం ఆయన డ్యూటీ అని ఎర్రినాయుడు చెప్పాడు.

"అత్తా, పోనీ వెళ్ళిపోదామా? ఇంకో ఊరికి తీసుకెళ్తాను. అక్కడ గోడల్లేవు."

"ఇంకో ఊరి సంద్రం నాకెందుకురా? నాను పుట్టిన సంద్రం ఇది" అంది అత్త. అని బెంచీ మీద కాళ్ళు వేలాడేసి మోకాలు నెమ్మదిగా రాసుకుంటూ కూర్చుంది.

తూర్పున చంద్రుడు పెద్ద ఇత్తడి పళ్ళెంలా పైకొచ్చాడు. సన్నాయి దూరమయింది, హోరు దగ్గరయింది. ముందు వంతెన కింద గలగలమంది. తరవాత తాళం వేసిన తలుపు కిందనుంచి ఒక సన్నటి నీటి నాలిక లోపలికి వచ్చి, ఇసకని తడిపి, ఎవరైనా చూశారేమోనన్నట్టు వెనక్కి పోయింది. మేమందరం దాన్నే చూస్తూ ఉండిపోయాం. రెండోసారి అది ఊరికే రాలేదు. తలుపుని ధడాలున తోసుకుని, నురగలు కక్కుకుంటూ, కంపార్ట్‌మెంటు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పరుచుకుంది.

ఎవరో కెవ్వుమన్నారు. నీళ్ళు మోకాలు దాటలేదని తెలిశాక ఆ కేకే నవ్వుగా మారింది. కొత్తజంట ఆడ బెంచీ, మగ బెంచీ మర్చిపోయి ఒకచోటికి చేరారు. నేను కంగారుగా అత్త చెయ్యి పట్టుకున్నాను. అత్త నా చెయ్యి విడిపించుకుంది. చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, బెంచీ మీంచి దిగి, నీళ్ళలో నిలబడింది. కెరటం వచ్చి పాదాలు ముంచి, వెనక్కి పోతూ కాళ్ళ కింద ఇసక లాగింది. అత్త ఒక్కసారి ఊగి, నిలదొక్కుకుంది.

"లాగతందిరా జోగీ! కాళ్ళ కింద ఇసక అలాగే లాగతంది, నా సిన్నప్పటి నాగే!" అంది. ఈసారి అత్త కళ్ళు మూసుకోలేదు. ఇంతింత చేసి చూస్తోంది. నా కళ్ళే ఎందుకో మసకబారాయి. అందులో సముద్రపు ఉప్పు కొంత ఉందనుకుంటాను, అంతా కాదు.

ఎర్రినాయుడు మోకాలి లోతు నీళ్ళలో పరిగెత్తుకొచ్చాడు. అలవాటైన నోరు ఊరుకోలేదు. "జరగండి, జరగండి! మామ్మా, జరగాల!"

"నాను జరగను. కావలిస్తే దాన్ని జరగమను" అంది అత్త.

ఎర్రినాయుడు సముద్రం వైపు తిరిగాడు. ఒక్క క్షణం తటపటాయించి, చెయ్యెత్తి, "జరగండి బాబూ, జరగండి" అన్నాడు. కెరటం కూడా ఉద్యోగి మాట కాదనడమెందుకనుకుందేమో, కొంచెం వెనక్కి తగ్గింది. ఎర్రినాయుడి మొహం వెలిగిపోయింది. అంతలో దాని వెనకది వచ్చి అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టింది.

సరిగ్గా అప్పుడు ఊరేగింపు తిరిగొచ్చింది. పాలరాతి తోరణం దగ్గర బిందెలోని సముద్రం, బయటి సముద్రం ఎదురెదురుగా పడ్డాయి. సన్నాయి ఆగిపోయింది. బోయీలు పల్లకీ దించేశారు. పాండురంగశాయి గారు పంచె తడిసి ముద్దవుతుండగా కదలకుండా నిలబడ్డారు. ఆయన చూస్తుండగానే ఒక కెరటం పల్లకీలోంచి బిందెని తీసుకుని, తనలో కలిపేసుకుని వెళ్ళిపోయింది. ఆస్థాన కవి మొదటిసారి నిజంగా పారవశ్యంతో, "అమ్మ బాబోయ్!" అన్నాడు.

"ఎర్రినాయుడూ! మూలవిరాట్టును వరసలో రమ్మని చెప్పు!" అని అరిచారు పాండురంగశాయి గారు.

అత్త ఆయన్ని చూసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "ఏ దేవుడూ లేచి రానేదన్నారు కద బాబూ. ఇదిగో, వచ్చీసినాది!"

మేం టోకెన్లిచ్చి తాళాలూ డబ్బా తెచ్చుకుని బయటికొచ్చేసరికి కెరటం కారు చక్రాల దాకా వచ్చి వెళ్ళింది; చెప్పుల స్టాండు లేదు, చెప్పులూ లేవు. చెప్పులు పోతే శని వదిలిందంటారు కదా అని నేను సర్దుకున్నాను. అత్త అసలు చెప్పుల ఊసే ఎత్తలేదు. కారెక్కాక కాళ్ళు తుడుచుకోమని తువ్వాలు ఇస్తే తీసుకోలేదు. ఇంటిదాకా ఆ తడి కాళ్ళు అలాగే ముందుకు చాచి, వాటిని చూసుకుంటూ కూర్చుంది.

మర్నాడు పేపర్లో సంస్థ ప్రకటన వచ్చింది. ఈసారి నేను సరిగ్గానే చదివాను. 'శ్రీ సముద్రుల వారు పౌర్ణమి నాడు సంస్థ వారి కృషికి సంతసించి, కంపార్ట్‌మెంటునకు స్వయంగా విచ్చేసి భక్తులను అనుగ్రహించినారు. ఇకపై ప్రతి పౌర్ణమికి ఈ ప్రత్యేక పాదస్పర్శ సేవ నిర్వహించబడును. తడిసిన భక్తులు ముందుగా టిక్కెట్టు తీసుకోనందున సంజాయిషీ ఇవ్వవలెను.' మెమోకి జవాబొచ్చిందా లేదా అన్నది మాత్రం రాయలేదు.

అత్త ఆపరేషన్ బాగా జరిగింది. కొన్నాళ్ళకి కర్రసాయం కూడా లేకుండా నడిచింది. నడవడమంటూ వచ్చాక మొదట అడిగింది గవ్వలరేవే. "పాత కాలుతో దిగినాను. కొత్తది పాపం సూడనేదు కద" అంది. పాదస్పర్శ సేవకి టిక్కెట్లు తీసుకుని పౌర్ణమి నాడు తీసుకెళ్ళాను. కొత్త స్టాండులో కొత్త చెప్పులు ఇచ్చాం. కొత్త కుళాయిల దగ్గర ట్యాంకరు కోసం నిలబడ్డాం. నా తాళాలు, అత్త డబ్బా కౌంటర్లో ఇచ్చి, ఇనప చట్రంలోంచి అత్త అవతలికి అడుగు వేసింది.

చట్రం కుయ్యోమంది.

ఎర్రినాయుడు వచ్చాడు. అత్తని గుర్తుపట్టి నవ్వాడు. పరికరం తెచ్చి అత్త తలనించి కింది దాకా తిప్పాడు. అది మోకాలి దగ్గరికి రాగానే గొల్లుమంది. నేను ఆపరేషన్ సంగతంతా చెప్పాను. ఎర్రినాయుడు బోర్డు చూశాడు, మోకాలు చూశాడు, మళ్ళీ బోర్డు చూశాడు. లోపలికెళ్ళి పెద్దవారిని అడిగొచ్చాడు. మంచివాడు కనుక గొంతు తగ్గించి చెప్పాడు.

"ఏటీ అనుకోకండి మామ్మా. అయ్యగోరు రూలంటే రూలన్నారు. మోకాలు కౌంటర్ల ఇచ్చీసి టోకెను తీసుకోవాలట."

నాకు ఒళ్ళు మండిపోయింది. బంగళాలోకి వెళ్ళి ఆ పెద్దమనిషిని నాలుగు కడిగేద్దామని బయల్దేరాను. అత్త నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒగ్గీరా. సూసినావా, నాను తొందరపడబట్టి సరిపోనాది" అని నవ్వి, పాలరాతి తోరణం బయట మెట్టు మీద నిదానంగా చతికిలబడింది. కొత్త కాలూ పాత కాలూ రెండూ సముద్రం వైపు చాచుకుంది.

"ఇక్కడేం చేస్తామత్తా?"

"కూకుందాం. ఓపాలొచ్చింది కద, దానికి దారి తెలిసిపోనాది."

తూర్పున చంద్రుడు అప్పుడే పైకొస్తున్నాడు. నేను కూడా పక్కన కూర్చుని ప్యాంటు పైకి మడుచుకున్నాను.